ఒక ఇల్లు, ఒక డాన్స్ స్కూలు: నా ఇంటీరియర్ డిజైన్ క్లాసు కబుర్లు

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నానని తెలియగానే మా పాట్‌లక్‌లో నాకు గిరాకీ పెరిగిపోయింది. ఒకావిడ ఫోన్లో ఫ్యామిలీ రూమ్ ఫొటో చూపించి సోఫా ఏ రంగుదైతే బావుంటుందని అడిగారు. ఇంకొకావిడ కర్టెన్లు నేల దాకా ఉండాలా, కిటికీ దాకా ఉంటే చాలా అన్నారు. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నేను నీళ్ళు నమిలాను. అప్పటికి క్లాసులు మొదలై పది వారాలు. కర్టెన్ అన్న మాట మా టీచర్ నోట ఒక్కసారి కూడా రాలేదు. అప్పటిదాకా మేం నేర్చుకున్నదల్లా పెన్సిల్‌తో వంకర లేకుండా గీత గీయడం, మూడు పలకల స్కేలుతో అడుగుకి పావు అంగుళం చొప్పున కొలవడం, గోడకి మందం గీత, బల్లకి సన్న గీత వేయడం. సోఫా రంగు నాకెలా తెలుస్తుంది?

మేముండేది డాలస్ శివార్లలో. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక హెచ్-4 మీద ఇక్కడికొచ్చాను. ఈ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గానీ చదువుకోవచ్చు, దానికోసం ఎఫ్-1 కి మారనక్కర్లేదు. ఈ ముక్క నాకు రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది. మీలో ఎవరైనా అదే పొరపాటులో ఉంటారేమోనని ముందే చెబుతున్నాను. పిల్ల కిండర్‌గార్టెన్‌లో చేరగానే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో పేరు రాయించుకున్నాను.

డెకరేటర్ వేరు, డిజైనర్ వేరు అని మొదటి రోజే చెప్పారు. ఉన్న గదిని అందంగా చేసేవాళ్ళు డెకరేటర్లు. గోడ ఎక్కడుండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, నిప్పంటుకుంటే లోపలివాళ్ళు ఎటు పరిగెత్తాలి అన్నవి డిజైనర్ ఆలోచించాలి. మా కోర్సులో ఇవన్నీ కలిసొచ్చి రెండు పెద్ద ప్రాజెక్టుల్లో తేలతాయి. ఒకటి ఇల్లు, ఒకటి వ్యాపార స్థలం. ఆ రెండూ నేనెలా చేశానో, ఎక్కడ బోల్తా పడ్డానో చెప్తాను.

అమ్మకి కొలత తెలుసు

ఇంటి ప్రాజెక్టుకి ముందు మాకిచ్చిన హోంవర్కు విని మా ఆయన నవ్వారు. ఇంట్లో ఉన్నవన్నీ టేపు పెట్టి కొలవాలి. కుర్చీ సీటు నేలకి ఎంత ఎత్తులో ఉంది, డైనింగ్ టేబుల్ ఎంత, తలుపు వెడల్పెంత, ఫ్రిజ్ తెరిస్తే ముందుకి ఎంత చోటు తింటుంది. తర్వాత మనల్ని మనం కొలుచుకోవాలి. మోచేయి ఎంత ఎత్తులో ఉంది, చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది.

ఈ దేశంలో వంటింటి గట్టు ఎత్తు మామూలుగా 36 అంగుళాలు. నేను అయిదడుగుల ఒక అంగుళం. ఆ గట్టు మీద చపాతీలు ఒత్తుతుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పావుగంటకి మెడ పట్టేస్తుంది. అయిదేళ్ళుగా అది నా పొట్టితనం తప్పనుకున్నాను. అమ్మ వచ్చినప్పుడు మాత్రం పీట, కర్ర తీసుకెళ్ళి డైనింగ్ టేబుల్ మీద ఒత్తేది. టేబుల్ నిండా పిండి చేస్తోందని నేను లోపల్లోపల విసుక్కున్నాను కూడా. కొలిస్తే డైనింగ్ టేబుల్ 30 అంగుళాలుంది. పిండి పిసకడానికీ, ఒత్తడానికీ మామూలు గట్టు కంటే నాలుగైదు అంగుళాలు తక్కువ ఎత్తుండాలని మా పాఠ్యపుస్తకంలో ఉంది. అమ్మకి కొలత తెలుసు. అంకె తెలియదు, అంతే.

ఆ వారమే వంటింటి చరిత్ర పాఠం జరిగింది. 1926లో మార్గరెటె ష్యుట్టె-లిహోట్‌స్కీ అనే వియన్నా ఆర్కిటెక్టు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ళ కోసం ఒక వంటిల్లు గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. రైలు భోజనాల పెట్టెలో ఉండే వంటగదిలా అన్నీ చేతికందే దూరంలో. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌లకి అదే అమ్మమ్మ. అదే రోజుల్లో అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు, పన్నెండు మంది పిల్లల్ని కన్న తల్లి, వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తోందో లెక్కపెట్టి వంటిల్లు అమర్చింది. తర్వాత పుట్టిందే మనం వినే 'వర్క్ ట్రయాంగిల్': స్టవ్, సింక్, ఫ్రిజ్‌ల మధ్య దూరాలు మూడూ కలిపి 26 అడుగులు దాటకూడదని.

వినడానికి బావుంది. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు ఒక్క మనిషి కోసం గీసింది. సంక్రాంతికి మా ఇంట్లో స్టవ్ దగ్గర అత్తయ్య, గట్టు దగ్గర అమ్మ, సింక్ దగ్గర నేను, మధ్యలో 'నేనేం చేయనూ' అంటూ ఆడపడుచు. ఆ త్రిభుజంలో మేం నలుగురం ఎక్కడ నిలబడాలి? ఇదే ప్రశ్న క్లాసులో అడిగాను. టీచర్ నవ్వి, "అదే నీ ప్రాజెక్టు" అన్నారు.

గెస్టులా, ఇంట్లోవాళ్ళా?

మాకిచ్చింది రెండంతస్తుల ఇంటి ఖాళీ డొల్ల. బయటి గోడలు, మెట్లు కదపకూడదు, లోపలంతా మనిష్టం. ఎవరి కోసం గీస్తున్నామో ముందు రెండు పేజీల క్లయింటు పరిచయం రాయాలి. క్లాసులో ఒకతను ఇద్దరు సంగీతకారుల జంటని రాశాడు, ఒకమ్మాయి మూడు కుక్కలున్న రిటైర్డ్ నర్సుని. నేను ఉద్యోగాలు చేసే తెలుగు దంపతులు, ఇద్దరు పిల్లలు, ఏటా ఆరునెలలు వచ్చి ఉండే తల్లిదండ్రులు అని రాశాను. కల్పితం అన్న మాటేగాని మీకందరికీ తెలిసిన కుటుంబమే.

టీచర్ ఎర్ర పెన్నుతో ఒక్క చోట సున్నా చుట్టారు. "ఆరునెలలా? అయితే వీళ్ళు గెస్టులా, ఇంట్లోవాళ్ళా? తేల్చుకుని గీయి."

నేను తేల్చుకోలేకపోయాను. ఇక్కడి ఇళ్ళలో గెస్ట్ రూమ్ అంటే శని, ఆదివారాలకి వచ్చేవాళ్ళకి. ఒక మంచం, ఒక దీపం, సూట్‌కేసు పెట్టుకునే చోటు. బి-2 వీసా మీద వచ్చే మన అమ్మానాన్నలు ఆరునెలలుంటారు. వాళ్ళు అతిథులు కారు, వంటింట్లో సగం పని వాళ్ళదే. ఇంటివాళ్ళూ కారు, ఏ డబ్బా ఎక్కడుందో అడగాలి, కారు తాళాలుండవు, థర్మోస్టాట్ ముట్టుకోవడానికి మొహమాటం. ఈ మధ్యస్థపు బతుకుకి ప్లానులో గది ఏది?

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు అమ్మ మా కింది బాత్రూమ్‌లో జారిపడింది. ఇళ్ళు కట్టేవాళ్ళు అమ్మేటప్పుడు 'కింద పెద్దవాళ్ళకి బెడ్‌రూమ్ ఉంది' అని గొప్పగా చెప్తారు, మేమూ అది చూసే కొనుక్కున్నాం. ఆ గదికున్న బాత్రూమ్‌లో టబ్. టబ్ అంచు ఎత్తు 15 అంగుళాలు, కొలిచాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషి తడికాలితో అది దాటి దిగాలి, పట్టుకోవడానికి షవర్ కర్టెన్ తప్ప ఏమీ లేదు. ఎముక విరగలేదు. తుంటి మీద అరచేయంత నల్లగా కమిలింది. పది రోజుల దాకా మాకు చెప్పలేదు. విజిటర్ ఇన్సూరెన్స్ దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అని నేనూ మా ఆయనా అంతకుముందు మాట్లాడుకోవడం ఆవిడ వినే ఉంటుంది.

కాబట్టి ఆ ప్లానులో నేను మొదట గీసింది బాత్రూమ్. టబ్ లేదు. గడప లేని షవర్: నేల అడుగుకి పావు అంగుళం చొప్పున డ్రెయిన్ వైపు వాలుతుంది, నీళ్ళు బయటికి రావు, కాలు ఎత్తక్కర్లేదు. కూర్చోవడానికి 18 అంగుళాల ఎత్తులో చెక్కబల్ల. పొడుగు గొట్టమున్న హ్యాండ్ షవర్. నేలకి 33 నుంచి 36 అంగుళాల మధ్య పట్టుకునే కడ్డీలు. ఆ కడ్డీల గురించే నేను నేర్చుకున్న అసలు సంగతి: ఇక్కడి గోడలు డొల్ల. పైన జిప్సమ్ పలక, లోపల అక్కడక్కడా చెక్క నిలువులు. పలకకి బిగించిన కడ్డీ మనిషి బరువు పడితే ఊడి చేతికొస్తుంది. గోడ మూయకముందే లోపల అడ్డంగా చెక్క వేయించుకోవాలి. ఇల్లు కడుతున్నప్పుడైతే అది ఏమంత ఖర్చు కాదు, తర్వాతైతే టైల్సు పగలగొట్టాలి. కొత్తగా ఇల్లు కట్టించుకుంటున్న వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, గ్రానైట్ రంగు సంగతి తర్వాత, ముందు బిల్డర్ని ఈ చెక్క అడగండి.

నాన్నకి ఏం కావాలో గీయడం ఇంకా కష్టమైంది. ఊళ్ళో అయితే పొద్దున్నే వీధి చివరికి నడిచి టీ తాగి పేపర్ చదివి వస్తారు. ఇక్కడ కాలిబాట ఉన్నా వెళ్ళే చోటు లేదు. ఇక్కడున్న ఆరు నెలలూ ఆయన రోజంతా ముందుగది కిటికీ దగ్గరే. చెత్త బండి, స్కూలు బస్సు, పోస్టు మనిషి. అది తెలిసి కూడా మొదటి ప్లానులో ఆ కిటికీ దగ్గర నేను పూలకుండీ పెట్టాను, చూడ్డానికి బావుంటుందని. తర్వాత కుండీ తీసేసి చేతులున్న గట్టి కుర్చీ పెట్టాను. చేతులుంటే వాటి మీద భారం వేసి లేవొచ్చు.

వాస్తు సంగతి క్లాసులో ఎత్తడానికి భయపడ్డాను, మూఢనమ్మకం అంటారేమోనని. టీచర్ చాలా మామూలుగా, "క్లయింటు దేన్ని బట్టి బతుకుతాడో అది ప్రోగ్రామ్‌లో రాయాలి" అన్నారు. ప్రోగ్రామ్ అంటే గీత గీయకముందు రాసుకునే అవసరాల పట్టిక. వంటిల్లు ఆగ్నేయం, పూజ ఈశాన్యం అని రాశాను. ఏ గది దేనికి దగ్గరుండాలో గళ్ళు గళ్ళుగా నింపే పట్టికలో 'పూజ - బాత్రూమ్' గడిలో 'దూరం' అని, పక్కన 'గోడ కూడా కలవకూడదు' అని రాస్తే పక్క సీటు అమ్మాయి ఆసక్తిగా చదివింది. తంటా ఏమిటంటే ఆగ్నేయంలో వంటిల్లు పెట్టగానే కింది బాత్రూమ్ పైపులు ఈశాన్యానికి జరిగాయి. మూడు రాత్రులు మార్చి మార్చి గీశాను. చివరికి మెట్ల పక్కనున్న కోటు అల్మారా పూజకి ఇచ్చేశాను. టెక్సస్‌లో కోట్లెందుకు?

వంటింటి వెనక చిన్న రెండో వంటిల్లు పెట్టాను. ఇప్పుడు బిల్డర్లే స్పైస్ కిచెన్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. అది లేనివాళ్ళు గరాజ్‌లో స్టవ్ పెట్టుకుని చేపల పులుసు వండుతారు, నాకు తెలియనిది కాదు. గరాజ్‌లో కారు, పెట్రోలు వాసన, చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ కూడా అక్కడే. దయచేసి వద్దు. సరే, రెండో వంటింట్లో పోపు పొగ మొత్తం పీల్చేసే పెద్ద చిమ్నీ గీసి మురిసిపోయాను. టీచర్ అడిగారు: "అంత గాలి బయటికి తోస్తే, ఇంట్లోకి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?" నిమిషానికి 400 ఘనపుటడుగులు మించి లాగే చిమ్నీ పెడితే బయటి గాలి లోపలికి రావడానికి వేరే దారి చూపమంటుంది చాలాచోట్ల కోడ్. లేకపోతే వాటర్ హీటర్ పొగగొట్టంలోంచి బయటికి పోవాల్సిన వాయువులు వెనక్కి ఇంట్లోకి వస్తాయి. పోపు ఘాటు పోయి విషవాయువు వచ్చిందన్నమాట.

ఇంత చేసి, ప్రదర్శన రోజున బయటినుంచి వచ్చిన ముగ్గురు డిజైనర్ల ముందు బోర్డు పెట్టి నిలబడితే, వాళ్ళలో పెద్దావిడ ఒక్క నిమిషంలో పట్టేశారు. రెండో వంటింటి తలుపు తెరిస్తే ఫ్రిజ్ తలుపుకి తగులుతుంది. నలుగురు ఆడవాళ్ళకి చోటు చేశానని చెప్పుకుంటున్న వంటింట్లో ఒకరు పాలు తీస్తుంటే ఇంకొకరు బయటికి రాలేరు. జరిపే తలుపు వేసి మళ్ళీ గీశాను. బి ప్లస్ వచ్చింది.

కార్లలో కూర్చున్న అమ్మలు

వ్యాపార స్థలం ప్రాజెక్టుకి స్ట్రిప్ మాల్‌లో ఒక ఖాళీ దుకాణం కొలతలిచ్చారు. 30 అడుగుల వెడల్పు, 80 అడుగుల లోతు, ముందు అద్దాలు, వెనక ఒక ఇనప తలుపు, సిమెంటు నేల. చాలామంది కాఫీ షాపు ఎంచుకున్నారు. నేను కూచిపూడి స్కూలు ఎంచుకున్నాను. మా పాపని శనివారాలు దించి, ఆ గంటా ఇరవై నిమిషాలు పార్కింగ్ లాట్‌లో ఎలా గడుస్తాయో నాకు తెలుసు. ఆగస్టులో బయట నూరు డిగ్రీలు, ఏసీ కోసం ఇంజను ఆపకుండా వరసగా పది కార్లు, ప్రతి కార్లోనూ ఒక అమ్మ. ఒకరు ఆఫీసు కాల్‌లో, ఒకరు వెనక సీట్లో చిన్నవాడి చేత లెక్కలు చేయిస్తూ. లోపల కూర్చుందామంటే నాలుగు మడత కుర్చీలు, వాటి చుట్టూ నలభై చెప్పులు.

ఇంటి ప్రాజెక్టులో మనిషి ముందు, కోడ్ తర్వాత. ఇక్కడ కోడ్ తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. ముందు లోపల ఎంతమంది పడతారో లెక్క కట్టాలి. ఇలాంటి చోట ఆ లెక్క 49 దాటితే బయటికి రెండు దారులుండాలి, ఆ తలుపులు బయటికే తెరుచుకోవాలి. వార్షికోత్సవం రిహార్సల్ రోజు అమ్మలు, నాన్నలు, తాతయ్యలు కలిస్తే 49 ఎంతసేపు? నేను వెనక తలుపు ముందర కాస్ట్యూమ్‌ల గది గీశాను. ఎర్ర పెన్ను: "నిప్పంటుకుంటే పిల్లలు పరికిణీల మధ్యలోంచి వెళ్ళాలా?"

అసలు పరీక్ష నేల దగ్గరొచ్చింది. సిమెంటు మీద నేరుగా పరిచిన చెక్క మీద అడుగులు కొడితే మోకాళ్ళు, మడమలు ఎంతోకాలం ఓర్చవు. డాన్స్ స్టూడియోలకి స్ప్రంగ్ ఫ్లోర్ వేస్తారు: కింద రబ్బరు దిమ్మలు, వాటి మీద ప్లైవుడ్, పైన చెక్క. అడుగు పడితే కాస్త లొంగుతుంది. నేను వేసింది మొత్తం మూడంగుళాల మందం వచ్చింది. ఆహా అనుకున్నాను. మూడంగుళాలు పెరిగిందంటే తలుపు దగ్గర మెట్టు వచ్చింది. వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏడీఏ చట్టం కింద నేలలో అర అంగుళం మించిన తేడా ఉంటే ర్యాంపు కట్టాలి. ర్యాంపు అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు, అంటే మూడడుగులు. దాని పైనా కిందా అయిదేసి అడుగుల చదును. మొత్తం పదమూడు అడుగులు! ఆ పదమూడు అడుగులు నేను అమ్మల కోసం అట్టేపెట్టుకున్న చోటులోంచి పోయాయి. ఒక్క నిర్ణయం ఇంకో నాలుగింటిని లాక్కుపోవడం అంటే ఇదే.

ఆ వారం టీచర్ మమ్మల్ని ఒక్కొక్కరినీ గంటసేపు వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి కాలేజీ చుట్టి రమ్మన్నారు. గంటలో ఒక మనిషి జీవితం తెలిసిపోదు, అది మాకు చెప్పే పంపించారు. నాకు తెలిసింది చిన్న విషయం. బాత్రూమ్ తలుపు నా వైపు లాగి తెరవాలి. లాగితే నా చక్రాలకే తగులుతుంది. వెనక్కి జరిగితే చెయ్యి అందదు. పుస్తకంలో తలుపు పక్కన 18 అంగుళాల ఖాళీ గోడ వదలాలని చదివి, ఎందుకో అర్థం కాక బట్టీ పట్టిన అంకె అది. లోపల చక్రాలు తిప్పుకోవడానికి 60 అంగుళాల వృత్తం కూడా అంతే. ఆ సాయంత్రం వెళ్ళి డాన్స్ స్కూలు ప్లానులో బాత్రూమ్ మొత్తం తుడిచేసి మళ్ళీ గీశాను.

అందాల దగ్గరా దెబ్బ తిన్నాను. ముందు అద్దాలకి పెడన అద్దకం బట్టతో కర్టెన్లు అనుకున్నాను (చూశారా, చివరికి కర్టెన్లు వచ్చాయి). జనం చేరే చోట వేలాడే బట్టకి మంట పరీక్ష పాసైన కాగితం కావాలి. మచిలీపట్నం పక్కన అద్దకం వేసే ఆయన దగ్గర ఆ కాగితం ఎక్కడుంటుంది? కర్టెన్ల బదులు అద్దం వేసిన ఫ్రేములు పెట్టాను. వెయిటింగ్ సోఫాకి ఎంచుకున్న మెత్తటి గుడ్డ కూడా పోయింది. వ్యాపార స్థలాల్లో వాడే గుడ్డని యంత్రం మీద వేల సార్లు రుద్ది పరీక్షిస్తారట, నాది ఇంటి సోఫా గుడ్డ.

పక్క దుకాణంలో పంటి డాక్టరున్నట్టు మా ప్రాజెక్టు కాగితంలో రాసి ఉంది. ఇరవై జతల గజ్జెలు, తాళం, జతులు... అవతల పన్నుకి డ్రిల్లింగ్. మధ్య గోడ మామూలుగా ఫాల్స్ సీలింగ్ దాకానే ఉంటుంది, శబ్దం దాని మీంచి దూకి వెళ్తుంది. గోడని పైకప్పు దాకా పెంచి, లోపల ఉన్ని కుక్కి, రెండు వరసల జిప్సమ్ వేయాలి. అప్పటికీ నేల గుండా వచ్చే అదురు వేరే లెక్క. ఇంకోటి క్లాసులో ఎవరికీ తెలియనిది, నాకే తట్టింది: తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి జరిగే నాట్యానికి ఆ ఖరీదైన చెక్క నేల నెలలో గీతలు పడిపోతుంది. ఒక మూల గట్టి పలక విడిగా వేశాను. ప్రదర్శన రోజున ఆ పలక ఏమిటని అడిగారు. పళ్ళెం మీద నాట్యం గురించి చెప్పాను. నా ఇంగ్లీషు ఆ రోజు తడబడలేదు.

అమ్మలకి మిగిలింది పదకొండడుగుల పొడవు. కిటికీ వెంట ఎత్తు బల్ల, కింద ప్లగ్ పాయింట్లు. చిన్నపిల్లలకి హోంవర్కు బల్ల. చెప్పులకి గోడలో అరలు. జడలు వేయడానికి అద్దం, దాని ముందు అమ్మకి స్టూలు, పిల్లకి ఇంకా పొట్టి స్టూలు. క్లాసు గదికీ మధ్య అద్దం పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. అమ్మలు చూస్తుంటే పిల్లలు టీచర్ని వదిలి అమ్మల్ని చూస్తారు. కూర్చుంటే కనిపించనంత, నిలబడితే కనిపించేంత ఎత్తులో పెట్టాను. ఈసారి ఏ వచ్చింది.

పోర్ట్‌ఫోలియో తర్వాత

ఈ రెండు ప్రాజెక్టులూ ఇప్పుడు నా పోర్ట్‌ఫోలియోలో ఉన్నాయి. దాంతో ఏం చేస్తావని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ వృత్తిలో పెద్ద గుర్తింపు ఎన్‌సీఐడీక్యూ పరీక్ష. టెక్సస్‌లో 'రిజిస్టర్డ్ ఇంటీరియర్ డిజైనర్' అని రాసుకోవాలంటే రాష్ట్ర బోర్డులో నమోదు కావాలి, అక్కడా ఈ పరీక్షే అడుగుతారు. పరీక్ష మొత్తం పూర్తి చేయడానికి చదువు చాలదు, వేల గంటల పని అనుభవం కావాలి. నాకు పని చేసే అనుమతి లేదు. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్ళకి ఆ కార్డు ఇస్తున్నారు, కానీ భర్త గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటాలి. మా ఫైలు ఇంకా అక్కడికి రాలేదు.

పాట్‌లక్ స్నేహితురాలొకావిడ వాళ్ళ కొత్తింటి వంటిల్లు గీసిపెట్టమని, ఊరికే వద్దని చెక్కు తీశారు. వద్దన్నాను. డబ్బు తీసుకోకపోయినా, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేయడం కూడా ఒక్కోసారి చిక్కు తెస్తుందంటారు, అలాంటివి లాయర్ని అడిగే చేయాలి. "మా ఇంటికొచ్చి టీ తాగుతూ మాట్లాడితే తప్పా?" అన్నారు నవ్వుతూ. తాగాను, మాట్లాడాను. పెన్సిల్ మాత్రం బ్యాగులోంచి తీయలేదు. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది, అది వేరే సంగతి.

నా ఇల్లు నేను గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. కిందటి ఫిబ్రవరిలో మా కింది బాత్రూమ్ టబ్ తీయించాం. పిల్లకి పై బాత్రూమ్‌లో టబ్ ఉంది, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇబ్బంది లేదని లెక్కలు వేసి మా ఆయన సరేనన్నారు. కాంట్రాక్టర్ నా డ్రాయింగ్ చూసి, గోడలో అడ్డ చెక్కలు ఎక్కడెక్కడో కొలతలతో సహా ఉండటం చూసి, ఏ కంపెనీ గీసిందని అడిగాడు. "నేనే" అన్నాను. అతను తలూపి పనిలో పడ్డాడు.

మేలో అమ్మ వచ్చింది. బాత్రూమ్ చూపించాను. గడప లేదని, కడ్డీ ఇక్కడుందని, బల్ల మీద కూర్చుని హ్యాండ్ షవర్ ఇలా తిప్పుకోవాలని. అన్నీ చూసింది. కడ్డీ పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూసింది.

"బావుందే. మరి బకెట్ ఎక్కడ పెట్టుకోను?"

బల్ల పక్కన చోటు కొలిచాను. తొమ్మిది అంగుళాలుంది. బకెట్ పన్నెండు.